పొగలేని బురుజు

తాళ్ళ వంతెన సగం దాటేసరికి బేతన కాళ్ళకింద రెండు పలకలు ఫెళ్ళున విరిగాయి.

కుడిచేయి చటుక్కున పక్కతాడు పట్టుకుంది. ఎడమచేయి మాత్రం పొట్టమీంచి కదలలేదు. మనిషి గాలిలో ఊగుతున్నాడు. అడుగున లోయ, లోయనిండా పాలకడవ ఒలికినట్టు తెల్లటి మేఘాలు. విరిగిన పలకలు ఆ మేఘాల్లో మునిగిపోయాయి. నేలను తాకిన చప్పుడు ఎంతకీ వినబడలేదు.

"ఓరి కుండలోడా! రెండు చేతులూ వాడు! నీ పొట్టనెవరూ ఎత్తుకుపోర్లే!"

వెనక గట్టుమీదనుంచి అరిచింది ముమ్మడమ్మ. శంఖకనుమకు ఆమె గంటకాపరి. అరవై దాటిన మనిషి. నడుం వంగిపోయినా గొంతు మాత్రం ఆమె మోగించే కంచుగంటకు అక్కలాంటిది.

బేతన పళ్ళు బిగించి, ఒంటిచేత్తోనే ఒళ్ళు పైకి లాక్కుని, తర్వాతి పలకమీద మోకాలు ఆనించాడు.

"ఏముందిరా ఆ కంబళికింద? గుమ్మడికాయ మింగావా?"

"రొట్టెలమూట పెద్దమ్మా!"

"రొట్టెలు పడితే పడ్డాయి. నువ్వు పడితే మళ్ళీ ఇంకో వెర్రివాణ్ణి వెతకాల్సింది నేను! మాట గుర్తుందా? పొద్దున్నే పొగ. పొగ కనబడితే ఒక్క గంట కొడతాను, నువ్వు బతికున్నావని ఊరికి తెలియాలి. మూడు పొద్దులు కనబడకపోతే మూడు గంటలు కొట్టి, నిన్ను చంపినదేదో ఊరిమీదికి రాకుండా ఈ తాళ్ళు నరికేస్తాను. ఏడుస్తూ నరుకుతాను. కానీ నరుకుతాను!"

"గుర్తుంది!"

"పో మరి. శివరాత్రికి మంచు కరిగాక కనబడు. మంచి పులుసు వండి పెడతాను."

బేతన అవతలి గట్టు ఎక్కి వెనక్కి చూసేసరికి ఆమె ఒక నల్లటి చుక్క అయిపోయింది. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి మేఘం ఆ చుక్కను కూడా కప్పేసింది.

కంబళికింద ఉన్నది రొట్టెలమూట కాదు. గండభేరుండపక్షి గుడ్డు.

పదిరోజులకిందట మేఘవతి రాజధాని నడివీధిలో, తుహినదంష్ట్రుడనే మంచుమాంత్రికుడు విసిరిన శూలం కుమ్మరి బేతన గుండెకు తగలవలసింది. రాకుమారుడు జయంధరుడు అడ్డం దూకాడు. ఒక రాజు కొడుకు, కుండలు చేసుకునేవాడికోసం! చూస్తుండగానే రాకుమారుడు కాళ్ళనుంచి పైకి మంచుగడ్డ అవుతూ వచ్చాడు. మాంత్రికుడు ఆ గడ్డను గాలిలో ఎత్తుకుపోయి శ్వేతదంతశిఖరంమీది తన కోటలో నిలబెట్టాడు. పుష్యమాసం అమావాస్యనాటికి మంచు గుండెను చేరుతుంది. ఆ తర్వాత దేవుడు కూడా చేయగలిగింది లేదు.

శ్వేతదంతానికి దారి లేదు. రెక్కలున్నవాటిలో కూడా అంత చలిని చీల్చుకు పోగలది గండభేరుండం ఒక్కటే. కపిలారణ్యంలో ఒక యోగిని ఇచ్చిన ఈ గుడ్డు మేఘాలకు పైన తప్ప పిల్ల కాదు. ఇరవైయొక్క రోజులు వెచ్చగా ఉండాలి. ఒక్క ఘడియ చల్లబడితే గుడ్డు గులకరాయి అయిపోతుంది. మేఘాలకు పైన పొయ్యి ఉన్న చోటు ఒక్కటే. అది ఈ కనుమ బురుజు. మాంత్రికుడి వేగులు ఏ వేషంలో ఉంటారో తెలియదు కనుక బేతన ఎవరికీ నిజం చెప్పకుండా, చలికాలపు కాపలాకు ఒప్పుకుని, ఒంటరిగా వచ్చాడు.

బురుజు తలుపు తోశాడు.

లోపల దృశ్యం చూసి అతడి గుండె ఒక్కసారి సంబరపడింది. ఎదురుగోడలో, మేఘవతి రాజుల మూలపురుషుడు కట్టించిన గోడపొయ్యి! రెండుపక్కలా కోరలు సాచిన యాళిబొమ్మలు. పైన నల్లరాతిలో చెక్కిన తొమ్మిదిపడగల నాగు. నోరు ఎంత పెద్దదంటే, అందులో ఒక పొట్టేలు కొమ్ములు తగలకుండా నిలబడగలదు. పైకి చూస్తే పొగగూడు బావిలా వెడల్పుగా, నిటారుగా ఆకాశందాకా పోయింది. అంత గంభీరమైన పొయ్యిని బేతన ఏ రాజాంతఃపురంలోనూ చూడలేదు.

పక్కగదిలో కట్టెలు చూశాక సంబరం ఇగిరిపోయింది. పైకప్పు ఒకమూల కూలి మంచు లోపల పడింది. కట్టెల్లో మూడు పాళ్ళకు రెండు పాళ్ళు నానిపోయాయి.

గోడమీద పాత కాపలావాళ్ళు బొగ్గుతో రాసిన నియమాలు ఉన్నాయి. 'బూడిద పొద్దునే ఎత్తి గాలికి పారబోయవలెను. దుంగలు చీల్చక గుండుగా వేయవలెను. పొగ రాజగౌరవము, చిక్కగా పోవలెను.'

అతడు నియమం తప్పలేదు. బూడిద ఊడ్చాడు. తొడంత దుంగలు వేశాడు. మంటలు యాళిబొమ్మల కోరలదాకా లేచాయి. నల్లటి పొగ స్తంభంలా పైకి పోయింది. కాసేపటికి మేఘాలకింద, ఎక్కడో చాలా దూరంలో, ఒక్క గంట మోగింది.

ఠంగ్.

బేతనకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఆ రోజంతటిలో ఈ లోకంలో తనను ఒక మనిషి తలుచుకున్న క్షణం అదొక్కటే.

మూడురోజులు అలాగే గడిచాయి. మొహం మాడుతోంది, వీపు కొంకర్లు పోతోంది. పొయ్యికి నాలుగడుగుల దూరంలో పెట్టిన కుండలో నీళ్ళు గడ్డకట్టాయి. గుడ్డును పొట్టకు కట్టుకుని ఇటు తిరిగి కాసేపు, అటు తిరిగి కాసేపు కూర్చున్నాడు. అరచేయి ఆనిస్తే పెంకులోపల గుండె వినబడుతుంది. టుక్... టుక్... మూడోరోజుకు ఆ రెంటికీ మధ్య ఎడం పెరిగింది.

పొడి కట్టెలు లెక్క చూశాడు. ఇదే తీరున ఆరురోజులు. కావలసింది పద్దెనిమిది!

నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. ఈదురుగాలి చెంపలమీద చాచి కొట్టింది. పొగగూడు నోటిమీద చేయి పెట్టి, చుర్రుమనగానే వెనక్కి లాక్కున్నాడు.

"ఓహో! నేనిక్కడ చచ్చిపోతూ ఆకాశానికి చలిమంట వేస్తున్నానా!"

ఆ నోరు తన ఊళ్ళో కుండలు కాల్చే ఆవంలా వేడిగా ఉంది. కింద గది మాత్రం గోరీలా చల్లగా ఉంది. బేతన తల్లి ఆవం దగ్గర కూర్చుని, పొగ చిక్కగా లేచిందంటే చాలు కొడుకు వీపుమీద ఒకటి అంటించేది. "ఆ పోయేది పొగ కాదురా సన్నాసీ, మన కట్టె! కాలకుండానే పారిపోతోంది!" అనేది. అంత తెలిసినవాడు యాళిబొమ్మలు చూసి మురిసిపోయి, మూడురోజుల కట్టె గాలికి పోశాడు!

ఒక్క ఉరుకులో కిందికి దిగాడు. నాలుగు రాళ్ళు కాల్చి, గుడ్డల్లో చుట్టి గుడ్డుపక్కన కట్టుకున్నాడు. పొయ్యి ఆర్పేశాడు. ఇక పని మొదలుపెట్టాడు.

కూలిన మూలనుంచి రాళ్ళు మోశాడు. నేల తవ్వి మట్టి తీసి, బూడిద కలిపి, వేడినీళ్ళతో కాళ్ళకింద తొక్కాడు. పొయ్యి లోతు సగానికి పూడ్చి, వెనకగోడను ముందుకు తెచ్చి, తల దగ్గర గదివైపు వంచాడు. పక్కగోడలను కోడి రెక్కలు విప్పినట్టు ఏటవాలుగా తెరిచాడు. పాత కాపలావాడెవడో వదిలిన ఇనుపడాలు ఒకటుంది. దాన్ని ఇసుకతో అద్దంలా తోమి వెనకగోడకు ఆనించాడు. ఇక వేడి వెనక్కీ పైకీ కాదు, ఎదురుగా కూర్చున్నవాడి గుండెమీదికి రావాలి!

పొగగూడు గొంతుకు అడ్డంగా ఒక పలకరాయి పెట్టాడు. నిప్పు రాజేశాడు. అంతే! గది పొగతో నిండిపోయింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ తలుపు బయట మంచులో పడ్డాడు. రాయి మరీ బిగిసింది. మళ్ళీ లోపలికి దూరి ఒక వేలు జరిపాడు. పొగ. ఇంకో వేలు. ఇంకా పొగ. నాలుగువేళ్ళ సందు వదిలేసరికి పొగ బుద్ధిగా పైకి పోయింది. వేడి వెళ్ళలేక వెనక్కి తిరిగింది.

ఇంకా ఒకటి మిగిలింది. మంట గాలి పీల్చినప్పుడల్లా తలుపుసందులనుంచి చలిగాలి వీపును కోస్తూ వస్తోంది. మూలన ఐదు ఖాళీ నీళ్ళకుండలున్నాయి. బేతన వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. మంచి మట్టి, మంచి చేతిపని. కుమ్మరి కొడుకు చేజేతులా కుండ పగలగొట్టడం అదే మొదటిసారి. అడుగులు ఊడగొట్టి, ఒకదాని మూతిని ఇంకొకదానిలో దూర్చి, మట్టి మెత్తి, గోడలో నీళ్ళు బయటికి పోయే తూమునుంచి పొయ్యి పెదవిదాకా గొట్టం వేశాడు. ఇప్పుడు పొయ్యి తన గాలి తాను బయటినుంచి తెచ్చుకుంటోంది.

దుంగలను మణికట్టంత పేళ్ళుగా చీల్చాడు. తడికట్టెను పొయ్యికి రెండుపక్కలా గోడలా పేర్చి ఆరబెట్టాడు. బూడిద మాత్రం ఊడ్చలేదు. రెండువేళ్ళ మందాన పరుపులా ఉంచి, పడుకునేముందు నిప్పులమీద కప్పాడు. పొద్దున నివురు ఊదితే చాలు, నిప్పులు కళ్ళు తెరిచాయి.

పక్కగోడలో, మంట తగలకుండా వేడి మాత్రం తగిలేచోట, ఒక గూడు తొలిచి బూడిద పరిచాడు. గుడ్డును అందులో ఉంచి పైన పిడత బోర్లించాడు. చేయి ఆనించాడు.

టుక్ టుక్. టుక్ టుక్.

నాలుగడుగుల దూరంలో కుండలో గడ్డ పగిలి నీళ్ళమీద తేలింది. బేతన కంబళి తీసేశాడు. ఆ బురుజు కట్టిన తర్వాత అందులో కంబళి విప్పిన మొదటి మనిషి అతడేనేమో!

మర్నాడు పొద్దున గంటకోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.

గంట మోగలేదు.

పొరపాటేమోనని బయటికి పోయి తల ఎత్తాడు. పొగగూడు నోటిదగ్గర ఎండాకాలం దారిమీద కనిపించే ఎండమావిలాంటి వణుకు తప్ప ఏమీ లేదు. కట్టె పూర్తిగా కాలుతోంది. పొగ లేదు!

ఈ కనుమలో పొగ లేనివాడు చచ్చినవాడు. వంతెనదాకా పోయి కేకవేద్దామంటే గుడ్డును వదిలి పోలేడు, తీసుకుపోతే ఈ గాలికి అది చల్లబడుతుంది.

బయట ఈదురుగాలిలో వేరే మంట నిలవదు. రెండోరోజు ధైర్యం చేశాడు. పలకరాయి పక్కకు లాగి, తడి దేవదారు మొద్దు ఒకటి నిప్పులమీద పడేశాడు. పొగగూడు గదిలోని వెచ్చదనాన్నంతా ఒక్క గుటకలో మింగింది. మొద్దు బుసలు కొట్టిందేగాని పొగ పైకి చేరేలోపే నిప్పులు నల్లబడ్డాయి. గూటిలో చేయి పెట్టాడు.

టుక్...

ఇంకో చప్పుడు రాలేదు. బేతన మొద్దును చేతులు కాలుతున్నా లాగి అవతల విసిరాడు. రాయి మూశాడు. గుడ్డును గుండెకు హత్తుకుని, నోటితో వేడిగాలి ఊదుతూ, ఎన్ని అంకెలు లెక్కపెట్టాడో అతడికే తెలియదు.

... టుక్.

ఆ పొద్దే నిర్ణయం జరిగిపోయింది. పొగ ఉంటే తాను బతికినట్టు. పొగ లేకపోతే గుడ్డు బతుకుతుంది, గుడ్డు బతికితే జయంధరుడు బతుకుతాడు. ఇందులో ఆలోచించడానికేముంది?

మూడోరోజు మేఘాలకిందనుంచి గంట మోగింది. ఠంగ్. ఠంగ్. ఠంగ్. తర్వాత గొడ్డలి చప్పుడు. ముమ్మడమ్మ వయసు మళ్ళిన మనిషి కదా, దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలాసేపు పట్టింది. ఏడుస్తూ నరుకుతానంది. ఆ ఏడుపు ఇంతదూరం వినబడదు. తాళ్ళు తెగి లోయగోడకు కొట్టుకున్న చప్పుడు మాత్రం వినబడింది.

బేతన తన చావుగంట తాను విన్నాడు. విని, లోపలికి వచ్చి, పొయ్యిలో రెండు పేళ్ళు వేశాడు.

ఆ తర్వాతి రోజులకు పేర్లు లేవు. మంచు కురిసేది, ఆగేది. పిట్ట లేదు, నక్క లేదు. అతడు గుడ్డుతో మాట్లాడేవాడు. "ఇవాళ రొట్టె మాడింది, నీకేం, నీకు తిండి గొడవ లేదు," అనేవాడు. "ముమ్మడమ్మ నాకు పులుసు వండి పెడతానంది. ఇప్పుడు అదే పులుసు నా దినానికి వండి ఉంటుంది. ఎవరు తిన్నారో!" అనేవాడు. పొద్దున్నే గంట మోగవలసిన వేళకు ఒక కుండపెంకు తీసుకుని పుల్లతో ఒక్కటి కొట్టేవాడు. టంగ్. అంతే, బేతన బతికే ఉన్నాడు. తెలిసినవాడు ఒక్కడే, వాడు కూడా బేతనే.

కట్టె మాత్రం తగ్గినట్టే లేదు. పూర్వం ఒక పూటకు చాలని దుంగ ఇప్పుడు ఒక పగలూ ఒక రాత్రీ వచ్చేది. గోడలు వేడిని తాగి, నిప్పు నిద్రపోయాక నెమ్మదిగా తిరిగి ఇచ్చేవి.

ఇరవైయొకటోరోజు పొద్దువాలుతుండగా ఎవరో తలుపు తట్టారు.

బేతన చేతిలో పుల్ల జారిపోయింది. తలుపు తీశాడు. తలనిండా, భుజాలనిండా మంచుతో ఒక ముసలి గొర్రెలకాపరి నిలబడి ఉన్నాడు. చేతిలో దుడ్డుకర్ర, మొహమంతా నవ్వు.

"పోలిగాణ్ణి బాబూ! మంద తప్పిపోయి తిరుగుతున్నా. పొగ లేదు, బురుజు పాడుబడిందిలే, రాతిరికి తలదాచుకుందాం అనుకున్నా. మనిషున్నాడే! బతికున్నవాడివేనా, దెయ్యానివా?"

"నాకూ అదే అనుమానం మావా!" బేతన నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినబడింది. "రా, రా! లోపలికి రా! రొట్టె తింటావా? నీ మంద ఎన్ని? ఊరెక్కడ? కూర్చో, పొయ్యిముందు కూర్చో!"

ఒకేసారి పది ప్రశ్నలు వేశాడు. ముసలివాడు ప్రతిదానికీ రెండు మాటలు ఎక్కువే చెప్పాడు. కోడలి గయ్యాళితనం, కుంటిపొట్టేలు, ఎండాకాలంలో దొరికే కొండతేనె. బేతన ఆ మాటలను ఎడారిలో నీళ్ళు తాగినట్టు తాగాడు. ముసలివాడు మాత్రం పొయ్యిముందు కాకుండా తలుపుపక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అయితే అల్లుడూ, రాజుగారి పొయ్యిని ఇలా పూడ్చేశావేం? కోతిపిల్లంత మంట! కాపలా అంటే పొగ ఉండాలయ్యా. నువ్వు చచ్చావని కిందవాళ్ళు ఏడుస్తుంటారు కదా?"

బేతన చప్పున ముందుకు వంగాడు. "ఏడుస్తుంటారా మావా?"

"ఏడవరూ? ఆ గంట ముసలిది ఏడ్చి ఏడ్చి కళ్ళు పోగొట్టుకుందట. ఆ రాయి తీసెయ్. నాలుగు తడిమొద్దులు తగలెయ్. చిక్కటి పొగ లేవనీ. ఒక్క గంట వినబడితే నీ ప్రాణం కుదుటపడదూ?"

ఒక్క గంట!

బేతన లేచాడు. కాళ్ళు వాటంతట అవే పొయ్యిదాకా నడిచాయి. చేయి పలకరాయిమీద పడింది. ఒక్క క్షణం చాలు. ఒక్క పొగ. ఒక్క ఠంగ్...

"చేయి ఎందుకలా ఆగింది అల్లుడూ? తియ్!"

బేతన ముసలివాడివైపు తిరిగాడు. మామూలుగానే చూశాడు. చూపు అక్కడే అతుక్కుపోయింది.

ముసలివాడు వచ్చి అరజాము అయింది. గది వెచ్చగా ఉంది. బేతన ఒంటిమీద పంచె తప్ప ఏమీ లేదు. కాని ముసలివాడి భుజాలమీద మంచు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గడ్డంలో ఒక్క చుక్క కరగలేదు. అతడు కూర్చున్నచోట నేల పొడిగా ఉంది!

పాత పొయ్యి అయితే ఈ సంగతి తెలిసేది కాదు. ఆ గదిలో ఎవరి భుజంమీద మంచయినా కరిగేది కాదు.

బేతన చేయి పలకరాయిమీంచి కిందికి జారి, బూడిదలో కాగుతున్న గుండ్రాయిని వెతుక్కుంది. "తీస్తున్నా మావా," అన్నాడు నింపాదిగా. "నీ మంద గొర్రెల చెవికి ఏ గుర్తు కోస్తారు?"

"గుర్తా? గొర్రెలకు... గుర్తేమిటి?"

రాయి ఈలవేస్తూ వెళ్ళి ముసలివాడి రొమ్ముమీద పగిలింది. చర్మం బుస్సున పొగలు కక్కింది. గొర్రెలకాపరి వేషం తడిగుడ్డలా జారిపోయింది. లోపలినుంచి ఏడడుగుల ఆకారం లేచింది. గాజులాంటి ఒళ్ళు, మంచుముక్కల్లాంటి రెండు కోరలు. తుహినదంష్ట్రుడు!

"కుమ్మరి కుక్కా! నా శూలం తప్పించుకుని ఇంకా బతికే ఉన్నావా!"

"నీ కోడలికి కబురు పంపనా మావా?" బేతన రెండో రాయి విసిరాడు. మాంత్రికుడి ఎడమచేయి మోచేతిదాకా కరిగి నేలమీద కారింది. పారతో నిప్పుల బూడిద ఎత్తి మొహాన కొట్టాడు. తుహినదంష్ట్రుడు గోడమీద పడి అరిచాడు. వెచ్చటి గదిలో అతడి మంత్రం నాలుకదాటి రావడం లేదు. అందుకే రాయి తీయించాలని అంత తాపత్రయం!

కాని అతడి వీపు తలుపుకు ఆనింది. మడమతో ఒక్క తాపు తన్నాడు. తలుపు బద్దలై లోయలో పడింది.

ప్రళయంలా చలి లోపలికి దూకింది. మంట ఒక్కసారి వంగి, నీలంగా మారి, ఆరిపోయింది. మాంత్రికుడి నోట మంత్రం పేలింది. బేతన కాళ్ళు నేలకు అతుక్కున్నాయి. మంచు పాదాలనుంచి పిక్కలకు, పిక్కలనుంచి మోకాళ్ళకు పాకింది.

"నిప్పు చచ్చింది!" తుహినదంష్ట్రుడు బురుజు అదిరేలా నవ్వాడు. "ఇక నిన్ను కాపాడే వెచ్చదనం ఈ శిఖరంమీద ఎక్కడుందిరా?"

మంచు తొడలకు చేరింది. బేతన చేయి చాచి పొయ్యి పక్కగోడమీద అరచేయి ఆనించాడు.

గోడ వెచ్చగా ఉంది. పదిహేడురోజుల వేడిని తాగిన గోడ, ఒక్క గాలిదెబ్బకు మరిచిపోతుందా?

గూటిలో పిడత కదిలింది. టుక్ టుక్ టుక్ టుక్... ఫట్!

పిడత ఎగిరిపడింది. తడిసిన బంగారురంగు తలలు రెండు ఒకేసారి బయటికి వచ్చాయి. కోడిపిల్లంత పక్షి, రెండు ముక్కులతో గాలిని వాసనచూసి, దభీమని పొయ్యిలోకి దూకింది. కాళ్ళతో బూడిద కెలికింది. నివురుకింద ఎర్రటి నిప్పులు కళ్ళు తెరిచాయి. ఆరిన పొయ్యికింద అన్నాళ్ళూ దాచుకున్న నిప్పులు!

ఒక తల ఒక నిప్పు మింగింది. పక్షి గద్దంత అయింది. రెండో తల ఇంకొకటి మింగింది. గాడిదంత అయింది. ఐదో నిప్పుకు దాని వీపు యాళిబొమ్మలను తాకింది. దాని ఒంటి సెగకు బేతన తొడలమీది మంచు ముక్కలుముక్కలుగా రాలిపోయింది.

"ఆగు! ఆగు!" మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

పక్షి రెండు మెడలూ పైకెత్తి ఆకాశం చూసింది. బేతన బూడిదలోని వేడి గుండ్రాయి ఒకటి గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని, దాని కుడికాలు వాటేసుకున్నాడు. మరుక్షణం పలకరాయి పగిలింది, పొగగూడు బద్దలైంది, మూలపురుషుడి నాగుబొమ్మ తొమ్మిది పడగలూ రాళ్ళవానలా రాలాయి. గండభేరుండం బురుజు నెత్తి చీల్చుకుని ఎర్రటి సాయంకాలంలోకి లేచింది. పేర్చి ఉన్న తడికట్టెల గోడ మిగిలిన నిప్పులమీద కూలింది. కూలిన చోటునుంచి నల్లటి పొగ, చిక్కగా, స్తంభంలా, మేఘాలను దాటి లేచింది.

బేతన చెవి ఒగ్గాడు. కింద మేఘాలు. శ్వేతదంతం ఎదుట. మధ్యలో అంతులేని నిశ్శబ్దం.

అప్పుడు, ఎక్కడో చాలా దూరంలో...

ఠంగ్.

ఒక్కటే. ముమ్మడమ్మ నియమం తప్పే మనిషి కాదు.

బేతన కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. అదే క్షణంలో పక్షి ఎడమవైపుకు ఒరిగిపోయింది. అతడు తిరిగి చూశాడు. దాని ఎడమకాలికి, మిగిలిన ఒంటిచేత్తో వేలాడుతున్నాడు తుహినదంష్ట్రుడు! వాడి గుప్పిటనుంచి తెల్లటి మంచు పక్షికాలి వెంబడి రెక్కవైపు పాకుతోంది. ఇంకో మూరెడు పాకితే రెక్క ముడుచుకుంటుంది. ముడుచుకుంటే ముగ్గురూ పలకలు పడ్డ చోటికే.

బేతన నడుముకు గుడ్డలో చుట్టుకున్న గుండ్రాయి ఒకటి ఇంకా వేడిగా ఉంది.

ముమ్మడమ్మ కేక చెవుల్లో మోగింది. 'రెండు చేతులూ వాడరా కుండలోడా!'

అతడు పక్షికాలును తొడలతో బిగించి, రెండు చేతులూ వదిలేసి, ఆ రాయిని పట్టుకుని, తలకిందులుగా మాంత్రికుడిమీదికి వాలాడు.